పర్యావరణ అనుక్రమం

ఒక చోట బతికే మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవుల సముదాయం కాలం గడిచేకొద్దీ మారుతూ, ఒకదాని స్థానాన్ని మరొకటి ఆక్రమించుకుంటూ పోవడాన్ని పర్యావరణ అనుక్రమం అంటారు. అగ్నిపర్వతపు బూడిద కప్పిన నేల, మంచు కరిగి బయటపడిన రాతినేల, కార్చిచ్చుకు మాడిన అడవి, సాగు మానేసి బీడు పెట్టిన పొలం, పూడుకుపోతున్న చెరువు ఇవన్నీ అనుక్రమం జరిగే చోట్లే. రుతువులతో వచ్చిపోయే మార్పు ఇందులోకి రాదు. వానకు మొలిచి ఎండకు మాడే గడ్డి మళ్లీ వానకు మొలుస్తుంది. అనుక్రమంలో ఒకసారి వెనక్కి తగ్గిన జాతి మాత్రం, ఆ చోటు మళ్లీ చెదిరితే తప్ప, సాధారణంగా తిరిగి రాదు.

జీవమే లేని, మట్టి కూడా ఏర్పడని చోట మొదలయ్యేది ప్రాథమిక అనుక్రమం. చల్లారిన లావా, సముద్రంలోంచి లేచిన దీవి, నది కొత్తగా వేసిన ఇసుక మేట దీనికి ఉదాహరణలు. పైనున్న పచ్చదనం పోయినా మట్టి మిగిలి, ఆ మట్టిలో గింజలు, వేర్లు, శిలీంధ్రాలు బతికి ఉన్నచోట జరిగేది ద్వితీయ అనుక్రమం. రెండింటి మధ్య పెద్ద తేడా వేగంలో ఉంది. మొదటిదానికి శతాబ్దాలు పడితే, రెండోది కొన్ని దశాబ్దాల్లోనే చాలా దూరం వెళుతుంది.

ద్వితీయ అనుక్రమానికి ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చక్కని సాక్ష్యం ఉంది. 1882లో అక్కడి బ్రాడ్‌బాక్ గోధుమ పొలంలో ఒక కొసను కోయకుండా, దున్నకుండా, ఎరువు వేయకుండా వదిలేశారు. నాలుగైదేళ్లలోనే గోధుమ కలుపు మొక్కలతో పోటీపడలేక కనుమరుగైంది. తర్వాత ఒక భాగాన్ని అసలు ముట్టుకోలేదు. అది నేడు ఓక్, యాష్ వంటి చెట్లున్న చిన్న అడవి. ఇంకో భాగంలో చెట్ల మొలకలను మాత్రం ఏటా పీకేస్తూ వచ్చారు. అక్కడ నేటికీ చిన్న మొక్కలే ఉన్నాయి. నేల ఒకటే, వాతావరణం ఒకటే. మొలకలు పీకే చేతులే రెంటినీ వేరు చేశాయి. పశువులు మేసే బీళ్లు ఎందుకు బీళ్లుగానే ఉండిపోతాయో ఈ చిన్న ప్రయోగం చెబుతుంది.

క్రకటోవా

ప్రాథమిక అనుక్రమాన్ని దాదాపు మొదటి నుంచీ గమనించే అవకాశం శాస్త్రజ్ఞులకు క్రకటోవాలో దొరికింది. జావా, సుమత్రాల మధ్య సుందా జలసంధిలోని ఈ అగ్నిపర్వత ద్వీపం 1883 ఆగస్టు 27న పేలిపోయింది. మూడింట రెండు వంతుల దీవి సముద్రంలో కూలింది. మిగిలిన రకాటా శిఖరాన్ని, పక్కనున్న సెర్టుంగ్, పంజాంగ్ దీవులను పదుల మీటర్ల మందాన వేడి బూడిద కప్పేసింది. పెద్ద దీవుల తీరాలు అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరం. 1884 మేలో అక్కడ దిగిన ఎడ్మండ్ కొట్టో అనే ఫ్రెంచి యాత్రికుడికి ఎంత వెతికినా ఒకే ఒక ప్రాణి కనబడింది. అది ఒక చిన్న సాలీడు. తినడానికి ఒక్క పురుగు కూడా లేని ఆ బూడిద నేలమీద గూడు అల్లుకుంటోంది. సాలీడు పిల్లలు దారం వదిలి గాలిలో తేలుతూ చాలా దూరం పోగలవు. కొత్త నేలకు జీవం మొదట గాలి దారినే చేరుతుందనడానికి అది తొలి సాక్ష్యం.

1886లో జావాలోని బోగోర్ వృక్షోద్యాన సంచాలకుడు మెల్చియర్ ట్రూబ్ ఆ దీవిని పరిశీలించాడు. బూడిదమీద నీలి ఆకుపచ్చ శైవలాలు పలుచని జిగురు పొరలా పరుచుకుని ఉన్నాయి. 11 రకాల ఫెర్న్‌లు, 15 రకాల పూల మొక్కలు కనిపించాయి. ఫెర్న్‌ల సిద్ధబీజాలు ధూళిలాగా గాలిలో ఎగిరి వస్తాయి కనుక దీవి లోపలి భాగంలో అవే ముందు నిలదొక్కుకున్నాయి. మరో పదేళ్లకు ఆ వాలులను గడ్డి ఆక్రమించింది. వాటిలో ప్రధానమైనది రెల్లు. గోదావరి లంకల్లో, ఏటి ఇసుక తిన్నెలమీద శరత్కాలంలో తెల్లగా పూసే రెల్లూ ఇదీ ఒకే జాతి. సన్నని గింజలకు దూదిలాంటి నూగు ఉండటం, ఇసుకలోకి లోతుగా వేరు పారడం, ఎరువూ నీడా లేకున్నా బతకడం వల్ల ఇది కొత్త నేలను చేజిక్కించుకోగలదు. తీరంలో కథ వేరు. అక్కడికి బాలబంద తీగ, నాటు బాదం, పొన్న వంటివి ఉప్పునీటిలో తేలుతూ వచ్చి ఒడ్డున పడి మొలిచాయి. సరుగుడు తోపులు లేచాయి. ఆంధ్ర తీరం వెంట నడిచే ఏ పాఠకుడికైనా ఈ మొక్కలు పరిచయమైనవే.

చెట్లు పెరిగాక మూడో దారి తెరుచుకుంది. పండ్లు తినే పక్షులు, గబ్బిలాలు మేడి జాతుల గింజలను కడుపులో మోసుకొచ్చాయి. పక్షి రెట్ట వేయాలంటే వాలడానికి కొమ్మ కావాలి. మొదటి కొన్ని చెట్లు లేవగానే వాటి కింద కొత్త గింజలు పడటం మొదలైంది, ఆ గింజలు చెట్లై ఇంకా ఎక్కువ పక్షులను రప్పించాయి. అందుకే ఒక దశ దాటాక అడవి దట్టపడే వేగం హఠాత్తుగా పెరిగింది. 1930 నాటికి రకాటా లోపలి భాగమంతా నీడ కమ్మేసింది. గడ్డి నేలల్లో బతికిన పక్షులు కొన్ని దీవి నుంచి కనుమరుగయ్యాయి. ఉడుము, కొండచిలువ కూడా దీవిని చేరాయి. రెండూ మంచి ఈతగాళ్లు. 1980ల నాటికి దీవుల్లో వృక్ష జాతులు 200 దాటాయి.

ఈ చరిత్రను అందరూ ఒకేలా ఒప్పుకోలేదు. శైవలాల పొరే ఫెర్న్‌లకు నేల సిద్ధం చేసిందన్న ట్రూబ్ మాటకు ఆధారం చాలదని, దీవిలో జీవం పూర్తిగా నశించిందనడానికి కూడా రుజువు లేదని వృక్ష శాస్త్రజ్ఞుడు బాకర్ 1929లో గట్టిగా వాదించాడు. మొదటి మూడేళ్లలో వెళ్లినవాళ్లు అతి కొద్దిమంది, అదీ కొద్దిసేపే కనుక ఆయన అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అంతకంటే ముఖ్యమైన విషయం తర్వాత బయటపడింది. పక్కపక్కనే ఉన్న మూడు దీవుల్లో ఒకే రకం అడవి లేవలేదు. రకాటాలో నియోనాక్లియా చెట్లు ఆధిపత్యం చేస్తే, సెర్టుంగ్, పంజాంగ్‌లలో టిమోనియస్, డైసాక్సిలం చెట్లు పెద్దరికం తీసుకున్నాయి. ఏ గింజ ముందు చేరింది, ఏ దీవిమీద మళ్లీ బూడిద పడింది అన్న సంగతులే దీన్ని నిర్ణయించాయి. సుమత్రా, జావా అడవుల్లో కనబడే గుగ్గిలం కుటుంబపు మహావృక్షాలు వందేళ్లు దాటినా ఈ దీవులకు చేరలేదు. వాటి గింజలు బరువైనవి, త్వరగా మొలకెత్తే శక్తిని కోల్పోతాయి, ఉప్పునీటిని తట్టుకోలేవు. అడవి దట్టంగా కనబడినంత మాత్రాన అది పాత అడవి కాదు.

1927లో పాత క్రకటోవా బిలం నుంచి అనాక్ క్రకటోవా అనే కొత్త దీవి పైకి వచ్చింది. రెల్లు, సరుగుడు అక్కడికీ చేరాయి. మధ్యమధ్య పేలుళ్లు ఆ మొక్కలను కాల్చివేస్తూ వచ్చాయి. 2018 డిసెంబరు 22న దీవి పార్శ్వం కూలి సునామీ పుట్టించినప్పుడు అక్కడి అనుక్రమం మళ్లీ మొదటికొచ్చింది.

మంచు వెనక నేల

అలాస్కాలోని గ్లేసియర్ బేలో 18వ శతాబ్దం నుంచి హిమానీనదం వెనక్కి తగ్గుతూ సుమారు 100 కిలోమీటర్ల పొడవైన లోయను బయటపెట్టింది. కొత్తగా బయటపడిన చోట రాళ్లు, గులక తప్ప ఏమీ ఉండవు. అక్కడి నుంచి సముద్రం వైపు నడిస్తే ముందు నేలను అంటుకుని పాకే డ్రయాస్ మొక్కలు, తర్వాత ఆల్డర్ పొదలు, ఆపైన స్ప్రూస్ అడవి, ఇంకా పాత నేలల్లో హెమ్‌లాక్ కనబడతాయి. 1916లో విలియం కూపర్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రజ్ఞుడు ఇక్కడ చదరపు మీటరు చొప్పున కొన్ని గళ్లు గుర్తించి, వాటిలోని ప్రతి మొక్కనూ నమోదు చేశాడు. ఆ గళ్లను తర్వాతి తరాలవాళ్లు కూడా కొలుస్తూ వస్తున్నారు. ప్రాథమిక అనుక్రమంపై ఇంత దీర్ఘకాలం సాగిన పరిశీలనలు అరుదు.

ఈ లోయలో కీలకమైన లోటు నత్రజని. రాయి అరిగితే భాస్వరం, పొటాష్, సున్నం దొరుకుతాయి గానీ నత్రజని దొరకదు, అది గాలి నుంచే రావాలి. డ్రయాస్, ఆల్డర్ వేళ్లలో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుంది. కంది, పెసర, జనుము వేళ్ల బుడిపెల్లో జరిగే పనీ ఇలాంటిదే, అక్కడ పనిచేసేది వేరే బాక్టీరియా. ఆల్డర్ ఆకులు రాలి కుళ్లేకొద్దీ నేల సారవంతమవుతుంది, స్ప్రూస్ పెరుగుతుంది. చివరికి ఆ స్ప్రూస్ నీడలోనే ఆల్డర్ చచ్చిపోతుంది. ఈ వరుస పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. అయితే 1990ల్లో చెట్ల వార్షిక వలయాలు లెక్కించి చూసినప్పుడు పాత నేలల్లో స్ప్రూస్ చాలావరకు ఆల్డర్ ఆసరా లేకుండానే నాటుకుందని తేలింది. లోయ పొడవునా కనబడేది ఒకే నేల వయసు క్రమం కాదు, వేరువేరు చరిత్రలున్న నేలలు. వేరువేరు వయసుల చోట్లను వరుసగా పేర్చి ఒకే చోటి చరిత్రగా చదవడం అనుక్రమ శాస్త్రంలో ఎక్కువగా వాడే పద్ధతి. అందులోని ప్రమాదం ఇదే.

సిద్ధాంతాల తగవు

అమెరికాలో హెన్రీ కౌల్స్ 1899లో మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద మొక్కలు ఒడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ ఎలా మారుతున్నాయో వివరించడంతో ఈ శాస్త్రానికి గట్టి పునాది పడింది. 1916లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచాడు. ఆయన దృష్టిలో మొక్కల సముదాయం ఒక జీవి వంటిది. మార్గదర్శక మొక్కలతో పుట్టి, వరుస దశలు దాటి, ఆ ప్రాంతపు వాతావరణం నిర్ణయించిన చరమ సముదాయంగా పరిణతి చెందుతుంది. చెదిరినా మళ్లీ అదే రూపానికి చేరుతుంది. హెన్రీ గ్లీసన్ 1926లో దీన్ని ఖండించాడు. ప్రతి జాతీ తన గింజ ఎక్కడ పడితే అక్కడ, తనకు ఒప్పిన పరిస్థితుల్లో బతుకుతుంది. సముదాయం అన్నది అలాంటి జాతుల తాత్కాలిక కలయిక మాత్రమే అన్నది ఆయన వాదం. ఆర్థర్ టాన్స్లీ 1935లో క్లెమెంట్స్ పోలికను కాదంటూ, జీవులనూ నేల, నీరు, గాలి వంటి భౌతిక పరిస్థితులనూ కలిపి చూసే ఆవరణ వ్యవస్థ అనే భావనను ప్రవేశపెట్టాడు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని గ్లీసన్ వాదానికి తర్వాతి సాక్ష్యాలు ఎక్కువ బలాన్నిచ్చాయి. క్రకటోవా దీవుల మధ్య తేడా అందులో ఒకటి. ఇంత జరిగినా క్లెమెంట్స్ నిచ్చెన వంటి వరుస భారతీయ పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం దాదాపు మార్పు లేకుండా కొనసాగడం విచారకరం.

ఒక జాతి వెనక మరొకటి ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జోసెఫ్ కానెల్, రాల్ఫ్ స్లాట్యెర్ 1977లో మూడు జవాబులు చూపారు. ముందొచ్చిన జాతి నేలను బాగుచేసి తర్వాతిదానికి దారి ఇవ్వవచ్చు. సాయమూ అడ్డూ రెండూ లేకుండా, నిదానంగా పెరిగి నీడను ఓర్చుకునే జాతి చివరికి పైచేయి సాధించవచ్చు. లేదా ముందొచ్చిందే అడ్డంగా కూర్చుని, చచ్చేదాకా ఎవరినీ రానివ్వకపోవచ్చు. కాలిఫోర్నియా తీరపు బండరాళ్ల మీద వేన్ సౌసా చేసిన ప్రయోగాల్లో మూడోదే కనబడింది. ముందుగా పట్టే ఆకుపచ్చ సముద్రపు పాచిని గీకేసినచోట ఎర్ర శైవలాలు త్వరగా వచ్చాయి, వదిలేసినచోట ఆలస్యమైంది. ఒకే చోట ఈ మూడూ వేరువేరు జాతుల మధ్య పనిచేస్తూ ఉండవచ్చు.

నేల ముసలితనం

జాతులతోపాటు వ్యవస్థ పనితీరు కూడా మారుతుంది. తొలి దశల్లో మొక్కలు తయారుచేసే సేంద్రియ పదార్థం, జీవులన్నీ శ్వాసక్రియలో ఖర్చుచేసేదానికంటే ఎక్కువ. మిగులు కలపగా, ఆకు చెత్తగా, మట్టిలో జీవపదార్థంగా పోగుపడుతుంది. అడవి పాతపడేకొద్దీ రాబడి, ఖర్చు దగ్గరవుతాయి. పోషకాలు వాననీటితో కొట్టుకుపోకుండా ఆకు, చెత్త, వేరు మధ్యనే తిరుగుతాయి. యూజీన్ ఓడమ్ 1969లో ఈ ధోరణులను క్రోడీకరించాడు.

అయితే ఈ ఎదుగుదలకు అంతం లేదనుకోరాదు. హవాయి దీవుల్లో 300 ఏళ్ల లావా నేల నుంచి 40 లక్షల ఏళ్లు పైబడిన నేల వరకు అన్నీ వరుసగా ఉన్నాయి. లేత నేలల్లో చెట్ల పెరుగుదలను పట్టి ఉంచేది నత్రజని లోటు, అతి పాత నేలల్లో భాస్వరం లోటు. భాస్వరం రాతి నుంచి ఒకసారే వస్తుంది. లక్షల ఏళ్ల వానకు కొంత కొట్టుకుపోగా, మిగిలింది ఇనుము, అల్యూమినియంతో బిగుసుకుని వేరుకు అందకుండా పోతుంది. కొత్త బూడిదో, కొత్త లావానో, గాలి మోసుకొచ్చే దుమ్మో నేలను తాజా చేయకపోతే అడవి క్షీణిస్తుంది.

నీటిలో మొదలయ్యే జలక్రమకాన్ని కూడా ఇలాగే జాగ్రత్తగా చూడాలి. లోతునీటిలో ప్లవకాలు, మునిగి ఉండే హైడ్రిల్లా, తర్వాత తామర, కలువ, ఒడ్డు దగ్గర జమ్ము, తుంగ, కిక్కిస, పూడిక పెరిగాక గడ్డి నేల, చివరికి అడవి అన్నది పుస్తకాల వరుస. కానీ బ్రిటన్‌లో పాత చెరువుల అడుగు పొరల్లోని పుప్పొడిని పరిశీలిస్తే దశలు తారుమారైన సందర్భాలు ఎన్నో కనబడ్డాయి, చాలాచోట్ల కథ అడవితో కాక బురద నాచు నేలతో ముగిసింది. దక్కను చెరువులు వేరే తరహావి. అవి మనిషి కట్టినవి, పూడిక తీస్తేనే చెరువులుగా నిలిచేవి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో జరిగిన పూడికతీత పర్యావరణ శాస్త్ర భాషలో జలక్రమకాన్ని వెనక్కి తిప్పడమే.

మిగిలినవాటి బలం

1980 మే 18న అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలి సుమారు 600 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ధ్వంసం చేసింది. జీవం బయటి నుంచే తిరిగి రావాలని చాలామంది అనుకున్నారు. కానీ పేలుడు నాటికి కొన్ని వాలుల మీద ఇంకా మంచు ఉంది, ఆ మంచు కింద చిన్న చెట్లు బతికాయి. బొరియల్లో ఉన్న గోఫర్ అనే ఎలుకలాంటి జంతువులు బతికి, తవ్వుతూ తవ్వుతూ బూడిద కింది పాత మట్టిని పైకి తెచ్చాయి. ఆ మట్టితోపాటు గింజలు, శిలీంధ్రాలు పైకొచ్చాయి. ఏమీ మిగలని బూడిద మైదానంలో మొదటగా నిలబడిన వాటిలో ముఖ్యమైనది చిక్కుడు కుటుంబపు లూపిన్. అదీ నత్రజనిని పట్టే మొక్కే. దాన్ని తినే గొంగళి పురుగులు కూడా వెంటనే చేరి విస్తరణను మందగింపజేశాయి. 1988లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మూడో వంతుకు పైగా మంటలకు గురైంది. అక్కడ లాడ్జ్‌పోల్ పైన్ చెట్లలో కొన్నింటి కాయలు జిగురుతో మూసుకుని ఉండి, వేడికే తెరుచుకుంటాయి. కాలిన నేలలో ఏడాది తిరగకముందే మొలకలు లెక్కకు మించి వచ్చాయి. ఈ రెండు చోట్లా గట్టిగా తేలిన విషయం ఒకటే. ఏం నశించిందన్న దానికంటే ఏం మిగిలిందన్నదే కోలుకునే వేగాన్ని నిర్ణయిస్తుంది.

తూర్పు కనుమల్లో పోడు చేసి వదిలిన నేలలు కూడా ఇదే చెబుతాయి. కొట్టిన చెట్ల మోళ్లు, వేర్లు మట్టిలో బతికే ఉంటాయి. తునికి వేరు పిలకలు వేస్తుంది, టేకు, మోదుగ మోడు నుంచి చిగురిస్తాయి. నేలకు చాలినన్ని ఏళ్లు విశ్రాంతి దొరికితే చెట్లు అల్లుకుంటాయి. మధ్య విరామం కుదించుకుపోతే మోళ్లు అలిసిపోతాయి, మట్టి కోసుకుపోతుంది, గడ్డి మిగులుతుంది. మైదానపు మెట్ట నేలల్లో మేత, కట్టెల కోత, ఏటేటా వేసవి మంటలు కలిసి తంగేడు, బందారు పొదల దగ్గరే అనుక్రమాన్ని ఆపేస్తాయి. సర్కారు తుమ్మ మరో అడ్డంకి. 1870ల్లో కడప జిల్లా కమలాపురంలో కట్టెల కోసం తెచ్చి నాటిన ఈ అమెరికా ముళ్ల చెట్టు నేడు చెరువు కట్టల నుంచి తీరపు చౌడు నేలల దాకా పాకింది. కాయలు తిన్న మేకలు, పశువులే దాన్ని చల్లుకుంటూ పోతాయి. దాని దట్టమైన పొదల కింద స్థానిక మొలకలు లేవడం కష్టం. అలా తిష్ఠ వేసిన చోట వదిలేయడమే వైద్యం అనుకోవడానికి వీల్లేదు.

గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లోని మడ అడవుల్లో అడ్డంకి వేరే రకం. ఆటుపోటు నీరు వచ్చిపోయే దారి పూడిపోతే నీరు నిలిచి ఆవిరై, ఉప్పు పేరుకుని, మడ మొక్కలు చస్తాయి. అక్కడ మొక్కలు నాటినా నిలవవు. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీటిని తిరిగి రానిచ్చినచోట మడ మళ్లీ పట్టింది.

కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందన్న ప్రశ్నకు 2021లో అమెరికా ఖండాలు, పశ్చిమ ఆఫ్రికాలోని ఉష్ణమండల అడవులపై జరిగిన విస్తృత పరిశోధన స్పష్టమైన అంకెలిచ్చింది. సాగు మానేసి వదిలిన నేలల్లో మట్టి సారం పదేళ్లలోపే పాత అడవి స్థాయికి దగ్గరవుతుంది. అడవి నిర్మాణానికీ జాతుల సంఖ్యకూ 25 నుంచి 60 ఏళ్లు పడతాయి. మొత్తం జీవద్రవ్యరాశికీ, ఏయే జాతులు ఏ పాళ్లలో ఉన్నాయన్న కూర్పుకీ 120 ఏళ్లకు పైనే కావాలి. అదీ చుట్టుపక్కల అడవి మిగిలి, గింజలు మోసే పక్షులూ జంతువులూ ఉన్నప్పుడు. భారతదేశంలో 2016 పరిహార వనీకరణ నిధి చట్టం కింద, పోయిన అడవికి బదులుగా మొక్కలు నాటడానికి నిధులు ఖర్చు చేస్తారు. ఒకటి రెండు జాతులతో వేసిన తోటను నరికిన పాత అడవికి సమానంగా లెక్కించడానికి అనుక్రమ శాస్త్రంలో ఆధారం లేదు.